అందీ, ఉందీ – మధ్యలో ఒక సుద్దగీత

స్కూలు వాళ్ళ ఫిర్యాదు ఒకటే: పిల్లాడు అబద్ధాలాడుతున్నాడు.

ఆ మాట నాతో చెప్పే ముందు వాళ్ళమ్మ పిల్లాణ్ణి బయట బల్ల మీద మామ్మ పక్కన కూర్చోబెట్టి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది. "మేడం గారూ, వీడికి అబద్ధం ఆడేపాటి తెలివే ఉంటే నాకింకేటి బెంగండీ?" అంది. పదిహేనేళ్ళుగా స్పీచ్ థెరపీ చేస్తున్నాను. కేసు మొత్తం మొదటి వాక్యంలోనే చెప్పేసిన తల్లిని అంతకు ముందు చూడలేదు.

చంటి అందాం. అసలు పేరు కాదు. ఇంటి వివరాలు కూడా కొన్ని మార్చాను. రాసుకోమని వాళ్ళు ఒప్పుకున్నారు. నా దగ్గరికి వచ్చేనాటికి ఏడేళ్ళ నాలుగు నెలలు. ఉండేది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అంటే ఆంధ్ర. తండ్రికి కిరాణా కొట్టు. ఇంట్లో మన ఉత్తరాంధ్ర తెలుగు, కొట్లో తెలుగూ ఒడియా కలగాపులగం, బళ్ళో ఒడియా, టీవీలో హిందీ. మూడున్నరేళ్ళప్పుడే ఆటిజం అని తేల్చారు. ఆటిజం ఎంతుందో కొలవడానికి మన దేశంలో వాడే ఐఎస్ఏఏ స్కేలులో 98 వచ్చింది. 70 నుంచి 106 వరకు స్వల్ప స్థాయి కింద లెక్క. వినికిడి బాగుంది. బొమ్మల పజిళ్ళు వయసుకి తగ్గట్టు, ఒక్కోసారి అంతకన్నా బాగా చేస్తాడు. చదవడం వచ్చింది, అదీ రైల్వే స్టేషన్ల బోర్డుల మీంచే. నౌపడ నుంచి గుణుపూర్ దాకా స్టేషన్లన్నీ ముందుకీ వెనక్కీ చెబుతాడు. 1900లో పర్లాకిమిడి రాజు మొదలెట్టిన చిన్న రైలు లైను అది, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. చంటి ప్రపంచపటం కూడా అదే.

అంతకు ముందు చూపించిన ఒక క్లినిక్కులో "ఇన్ని భాషలైతే పిల్లాడు తికమకపడతాడు, ఇంట్లో తెలుగు మానేసి ఒడియానే మాట్లాడండి" అన్నారట. ఆర్నెల్లు ప్రయత్నించారు. మామ్మకి ఒడియా అంతంతమాత్రం, ఆవిడ మనవడితో మాట్లాడ్డమే తగ్గించేసింది. ఈ సలహా ఇంకా చాలాచోట్ల ఇస్తున్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట మరింత వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఇంట్లో అందరికన్నా ఎక్కువగా మాట్లాడే మనిషి నోరు కట్టేస్తే మాత్రం తప్పకుండా వెనకబడుతుంది. మొదటి రోజే చెప్పాను, తెలుగు మళ్ళీ మొదలెట్టండని. తలుపు అవతలి నుంచి మామ్మ "అమ్మయ్య" అనడం వినిపించింది. వేసిన తలుపు ఆవిడకి అడ్డు కాదని అప్పుడే తెలిసింది నాకు.

ఇక ఆ "అబద్ధాలు".

ఒకసారి ఇంటికొచ్చి "రేపు బడి లేదు" అన్నాడు. పంపలేదు. బడి ఉంది. ఇంకోసారి బళ్ళో టీచరు దగ్గర నిలబడి తెలుగులో "నాన్న కొట్టీసినాడు" అన్నాడు. టీచరుకి తెలుగు వచ్చు. ఆవిడ తండ్రిని పిలిపించి, నలుగురి ముందు అడిగింది. మనిషి సిగ్గుతో చితికిపోయాడు. ఇంటికొచ్చి అడిగితే చంటి అదే మాట మళ్ళీ అన్నాడు, అదే గొంతుతో, చివర అదే ఏడుపు జీరతో.

ఇలాంటి మాట వింటే ముందు నిజమేమో చూడాలి. ఆ పని చేశాను. పిల్లాణ్ణి విడిగా, తల్లిని విడిగా, మామ్మని విడిగా అడిగాను, అక్క ఆటలో ఏమంటుందో విన్నాను. ఇంట్లో కొట్టడం లేదు. ఆ గొంతు చంటిది కాదు, బెంచీలో పక్కన కూర్చునే పిల్లాడిది. చంటి విన్నది విన్నట్టు అప్పజెప్పాడు, అంతే. (మరి ఆ రెండో పిల్లాడి సంగతేమిటి? ఆ ప్రశ్న టీచరు చెవిన విడిగా వేశాను. తరవాత ఏం జరిగిందన్నది ఈ కేసులో రాయాల్సింది కాదు.) "రేపు బడి లేదు" కూడా అంతే, ఆటస్థలంలో ఎవరో అన్న మాట.

రెండు వాక్యాల్లోనూ లోపించింది ఒక్క ముక్క. "వాళ్ళ నాన్న కొట్టాడని వాడు చెప్పాడు." "రేపు బడి లేదని ఎవరో అన్నారు." ఆ "అని" లేకపోతే పక్కవాడి గోడు మన వాంగ్మూలం అయిపోతుంది. ఇలా విన్నమాటనే తిరిగి అప్పజెప్పడానికి ఎకోలేలియా అని మేము పెట్టిన పేరు సరైనదే. కానీ ఆ రోజు నా నోటుపుస్తకంలో ఇంకోలా రాసుకున్నాను: "కొటేషన్ గుర్తులు లేని పిల్లాడు."

పరీక్షలు

ఎదుటివాళ్ళు నమ్మేది మనకు తెలిసినదానికి భిన్నంగా ఉండొచ్చని పిల్లలకి ఎప్పుడు తెలుస్తుంది? దీన్ని తేల్చే పరీక్ష 1983లో విమ్మర్, పెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తయారుచేశారు. మాక్సీ అనే అబ్బాయి చాక్లెట్ ఒకచోట పెట్టి వెళ్తాడు, అతను లేనప్పుడు అమ్మ దాన్ని ఇంకోచోటికి మారుస్తుంది. తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? 1985లో బారన్-కోయెన్, లెస్లీ, ఫ్రిత్ దాన్నే శాలీ, ఆన్ అనే రెండు బొమ్మలతో ఆటిజం ఉన్న పిల్లలకి పెట్టారు. 20 మందిలో 16 మంది తప్పారు. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లల్లో 14కి 12 మంది, మామూలు పిల్లల్లో 27కి 23 మంది నెగ్గారు. ఆటిజం అంటే "ఎదుటివాళ్ళ మనసు తెలియకపోవడం" అన్న పేరు అక్కణ్ణుంచే స్థిరపడింది. అది సగం నిజమే అని నా అనుభవం. మిగతా సగానికి తరవాత వస్తాను.

బొమ్మలతో చంటికి పని లేదు. బొమ్మకి మనసేమిటని వాడి ఉద్దేశం, తప్పు పట్టలేను. మామ్మతోనే పెట్టాను. ఆవిడ వక్కల డబ్బా బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళింది. నేను దాన్ని దిండు కింద దాచాను.

"మామ్మ వచ్చి డబ్బా ఎక్కడ వెతుకుతుంది?"

"దిండు కింద."

"మామ్మ ముందు ఎక్కడ పెట్టింది?"

"బల్ల మీద."

జ్ఞాపకం ఉంది, చూపు ఉంది, జవాబు మాత్రం తప్పు. అవతలి నుంచి మామ్మ "నేనక్కడెట్టలేదు కదేటి!" అని అరిచింది. ఆ రోజు పరీక్ష రద్దు. మర్నాడు ఆవిణ్ణి వీధి చివరిదాకా పంపించి మళ్ళీ చేశాను. అదే జవాబు. అక్కతో, నాన్నతో, మూడు రోజుల్లో ఆరు సార్లు చేస్తే ఆరూ తప్పే.

రెండో పరీక్షలో తప్పు నాది. చాక్లెట్ల గొట్టంలో పెన్సిళ్ళు పెట్టి "ఇందులో ఏముంది?" అని అడిగే పరీక్ష ఒకటుంది. తెరిచి చూపించి, "దీన్ని చూడని స్నేహితుడు ఏముందనుకుంటాడు?" అని అడగాలి. నేను హార్లిక్స్ సీసాలో బొత్తాలు పోశాను. "ఇందులో ఏముంది, చంటీ?" "ఆవాలు." అతని తొమ్మిదేళ్ళ అక్కని పిలిచి అడిగాను. "పోపుగింజలా అండీ?" అంది. తెలుగిళ్ళల్లో హార్లిక్స్ సీసాలో హార్లిక్స్ ఉంటుందని ఏ పిల్లలు నమ్ముతారు? సీసా ఖాళీ అయిన మర్నాడే అది పోపుల అరలోకి చేరుతుంది. పరాయిదేశపు పరీక్షలో పేరు మార్చాను గానీ మన వంటింటిని మరిచిపోయాను. ఆఖరికి అంచు అతికించిన బిస్కెట్ ప్యాకెట్టులో సుద్దముక్కలు పెట్టి చేశాను. చంటి ముందు "బిస్కెట్లు" అన్నాడు. తెరిచి చూశాక, అక్క ఏమనుకుంటుందంటే "సుద్దలు" అన్నాడు. తెరవకముందు నువ్వేమనుకున్నావంటే అప్పుడూ "సుద్దలు" అన్నాడు. తన పాత నమ్మకం కూడా తనకి అందడం లేదు.

మూడోది భాషా పరీక్ష. ఈ కేసంతా దాని మీదే నడిచింది. "మామ్మ బజారుకెళ్ళింది. చింతపండు కొన్నానంది. సంచి తెరిచి చూస్తే కుంకుడుకాయలు. మామ్మ ఏం కొన్నానంది?" ఇందులో ఎవరి మనసూ చదవక్కర్లేదు, జవాబు ప్రశ్నలోనే ఉంది. చంటి పదికి పదిసార్లూ సంచిలో ఉన్నదే చెప్పాడు.

"కొన్నానంది" అన్న ఈ ఒక్క మాటనీ కాస్త విప్పి చూడండి. కొన్నాను – ఇందులో "నేను" ఉంది. అంది – ఇందులో "ఆమె" ఉంది. చెబుతున్నది నేను, వింటున్నది నువ్వు, కొన్నది మామ్మ, అయినా "కొన్నాను". తెలుగులో ఒకరి మాట చెప్పాలంటే, వాళ్ళ "నేను"ని వాళ్ళ దగ్గరే ఉంచి, చివర "అంది" అని తాళం వేస్తాం. మనం రోజుకి వందసార్లు చేస్తాం, తెలియను కూడా తెలియదు. దాహమేసినప్పుడు "నీళ్ళు తాగుతావా" అని అడిగే పిల్లాడికి మాత్రం ఇది చిన్న పని కాదు. అమ్మ తనని అడిగే వాక్యాన్నే తన అవసరానికి పేరుగా పెట్టుకున్నాడు వాడు. ఎవరి నోట్లోంచి చూస్తే ఎవరు "నేను" అవుతారన్న లెక్క వాడికి ఇంకా కుదరలేదు.

మాటకీ నమ్మకానికీ చుట్టరికం

ఇలాంటి వాక్యంలో వాక్యానికీ, ఎదుటివాళ్ళ నమ్మకాల్ని పట్టుకోవడానికీ సంబంధం ఉందని, పిల్లల భాష మీద పరిశోధన చేసే జిల్ డివిలియర్స్ చాలాకాలంగా వాదిస్తున్నారు. "భూమి బల్లపరుపుగా ఉంది" అబద్ధం. "భూమి బల్లపరుపుగా ఉందని వాడనుకున్నాడు" నిజం కావచ్చు. అబద్ధాన్ని కడుపులో పెట్టుకుని మొత్తంగా నిజం కాగల వాక్యం ఇది, కాబట్టి తప్పుడు నమ్మకాన్ని తలలో నిలుపుకోవడానికి ఇదొక పాత్ర లాంటిది. 2003లో హేల్, టేగర్-ఫ్లూస్‌బర్గ్ మామూలు పిల్లలకి ఇలాంటి వాక్యాలు మాత్రమే నేర్పితే నమ్మకం పరీక్షలూ మెరుగయ్యాయి. సంజ్ఞాభాష రాని ఇళ్ళల్లో పుట్టిన బధిర పిల్లలు, ఆటిజం లేకపోయినా, ఈ పరీక్షల్లో ఆలస్యంగా నెగ్గుతారు. అంటే లోటు మనసుది మాత్రమే కాదు, అందిన మాటది కూడా. ఆటిజం ఉన్న పిల్లల్లో టేగర్-ఫ్లూస్‌బర్గ్ ఇంకో సంగతి గమనించారు: వాళ్ళకి తోడ్పడేది "అనుకుంది" తరహా క్రియలకన్నా "చెప్పింది, అంది" తరహా క్రియలతో వచ్చే వాక్యాలు.

ఇక్కడే తెలుగు నాకు చేయి అందించింది. ఇంగ్లీషులో చెప్పడం వేరే మాట, అనుకోవడం వేరే మాట. మనకి "అను", "అనుకొను". అనుకోవడమంటే తనలో తాను అనడమే. "అని" అన్న ముక్క కూడా ఆ "అను"కి క్త్వార్థమే, "తిను"కి "తిని" లాగా. మా శ్రీకాకుళం వైపు "అనీసి" అంటారు, అందులో అనడం ఇంకా చెవికి తగులుతుంది. పక్కనే ఒడియాలో "బోలి" కూడా ఇదే పని చేస్తుంది, అదీ పలకడం నుంచి వచ్చిందే. కాబట్టి బళ్ళో వినే భాష దీనికి అడ్డం రాదు. పలికే భాషే అసలు భాష అని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని, "అనీసి" వ్యాకరణంతో వైద్యం చేస్తున్నానని నాకు కొంచెం గర్వంగా కూడా ఉండేది.

ఒక సందేహమూ ఉంది, దాచను. "ఎళ్ళాలని ఉంది" అని చంటి అప్పటికే అనేవాడు, అందులోనూ "అని" ఉంది. కోరికకీ నమ్మకానికీ ఒకే అల్లిక ఉన్న భాష జర్మన్ కూడా, అక్కడి పిల్లలకీ కోరికే ముందు అర్థమవుతుంది. అంటే అల్లిక ఒక్కటే చాలదు. లోపలి వాక్యం, బయటి ప్రపంచం ఢీకొనాలి. కోరికలో ఆ ఢీ లేదు. కుంకుడుకాయల్లో ఉంది.

సుద్దగీత

వారానికి రెండు రోజులు, ముప్పావు గంట చొప్పున, ఎనిమిది నెలలు. మామ్మ ప్రతిసారీ వచ్చింది.

ముందు వాడి ఎకోని మాన్పించే పని పెట్టుకోలేదు. వాడికి అదే ఆస్తి. ఇంకొకరి మాటని అక్షరం పొల్లుపోకుండా మోసుకురావడం మనలో ఎంతమందికి వచ్చు? దానికో "అంది" తగిలించాలి, అంతే. చంటి "దయచేసి వినండి" అని స్టేషన్ మైకు మొదలెట్టగానే, చివర నేను "అని మైకు అంది" అనేదాన్ని. మొదటి వారం నన్ను పట్టించుకోలేదు. రెండో వారం ఆగి చూశాడు. మూడో వారం మైకు ముక్క అయిపోగానే నా మూతి వంక చూస్తూ నిలబడ్డాడు, నా "అంది" కోసం. నేను ఊరుకున్నాను. చాలాసేపటికి "...అంది" అన్నాడు. "ఎవరంది?" "మైకు." మామ్మ వక్క నమలడం ఆపేసింది.

తరవాత నేల మీద సుద్దతో గీత గీశాను. ఇటు "అంది", అటు "ఉంది". ఒక్క అచ్చు తేడా. ఈ రెండు మాటల పోలిక వల్ల వాడు తికమకపడతాడని ముందు భయపడ్డాను, తీరా ఆ ప్రాసే వాడికి నచ్చింది. ఫోనులో మామ్మ గొంతు రికార్డు చేసి పెట్టుకున్నాం: "సంచిలో చింతపండు ఉంది." మాట గాలిలో కరిగిపోతుంది, రికార్డు కరిగిపోదు, ఎన్నిసార్లు నొక్కినా చింతపండే. సంచి విప్పితే కుంకుడుకాయలు. "మామ్మ ఏమంది?" అంటే గీతకి ఇటు గెంతి బటన్ నొక్కాలి, "సంచిలో ఏముంది?" అంటే అటు గెంతి సంచిలో చెయ్యి పెట్టాలి. మొదట్లో ఏది అడిగినా సంచి వైపే గెంతేవాడు. పన్నెండో సెషన్లో ఇటు వచ్చి బటన్ నొక్కకుండానే, మామ్మ గొంతుతో, "చింతపండు!" అన్నాడు. అటు గెంతి "కుంకుడుకాయలు!" మళ్ళీ ఇటు, మళ్ళీ అటు. ఆ పూట ఇంకే పనీ జరగలేదు, జరగనివ్వలేదు కూడా.

"అంది" నుంచి "అనుకుంది"కి రావడానికి చాలామంది తల మీద మబ్బు బొమ్మ గీసి లోపల ఆలోచన రాస్తారు. నేనూ గీశాను. "వాన" అన్నాడు చంటి. చెరిపేశాను. దానికి బదులు మామ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, గొణిగీ గొణగనట్టు "డబ్బా బల్ల మీద ఉంది" అనేది. "మామ్మ ఏమంది?" "ఏటీ అనలేదు." "లోపల ఏమంది?" "డబ్బా బల్ల మీద ఉంది." దాన్నే క్రమంగా "లోపల అంది" నుంచి "అనుకుంది"కి తెచ్చాం. గొణుగుడు తగ్గిస్తూ వచ్చాం, ఆఖరికి మామ్మ నోరు కదపకుండా కూర్చున్నా చంటి చెప్పగలిగాడు. మామ్మకి అదే అన్నిటికన్నా కష్టమైన భాగం, నోరు కదపకుండా కూర్చోవడం.

నేను చేసిన పొరపాటు

నాలుగో నెలాఖరుకి డబ్బా పరీక్షలో ఎనిమిదికి ఎనిమిది. తండ్రికి ఫోన్ చేసి చెప్పాను కూడా. వారం తరవాత ఎందుకో డబ్బా కదపకుండా అడిగాను. మామ్మ వెళ్ళింది, డబ్బా బల్ల మీదే ఉంది. మామ్మ ఎక్కడ వెతుకుతుంది?

"దిండు కింద."

చంటి నేర్చుకున్నది మామ్మ మనసు కాదు. "డబ్బా లేని చోటు చెప్తే మేడం సంతోషిస్తుంది" అన్న సూత్రం. నేనే నేర్పాను, వరసగా అన్నీ డబ్బా మారే కథలే చెప్పి. సూత్రాలు పట్టడంలో వాడు నాకన్నా గట్టివాడు. ఈ పనిలో ఉన్నవాళ్ళు దయచేసి దీన్ని గుర్తుంచుకోండి. మారిన కథలూ, మారనివీ, మామ్మ కళ్ళెదుటే మారినవీ కలిపి పెట్టకపోతే మీ పట్టికలో పడే టిక్కులకి అర్థం లేదు. తండ్రికి మళ్ళీ ఫోన్ చేసి ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఆయన కాసేపాగి, "అయితే మీరూ తప్పనుకున్నారన్నమాట" అన్నాడు.

మళ్ళీ మొదలెట్టాం. ఈసారి "ఎక్కడ వెతుకుతుంది" తరవాత "ఎందుకు" అని కూడా అడిగేదాన్ని, జవాబు చూసినదానికో విన్నదానికో ముడిపడాలి. "మామ్మ చూడలేదు కాబట్టి." "అక్క చెప్పింది కాబట్టి." ఇక్కడ నేను పథకం వేయని సాయం మామ్మ నుంచి వచ్చింది. ఆవిడ కబుర్లన్నీ "ట"లతో నడుస్తాయి. వచ్చిందట, పెళ్ళి కుదిరిందట, ఆ ఇల్లు అమ్మేశారట. విన్నదానికీ కన్నదానికీ మధ్య ఒక్క అక్షరంతో కట్టిన గోడ ఆ "ట". ఆరో నెలలో చంటి తనంతట తాను "రేపు బడి లేదట" అన్నాడు. తల్లి బడికి ఫోన్ చేసి కనుక్కుంది. నిజంగానే లేదు. కానీ నాకు ముఖ్యం అది కాదు, ఆ "ట".

ఎనిమిదో నెలాఖరుకి లెక్క ఇది. కలగలిపి పెట్టిన కథలు పన్నెండింటిలో పది సరి, వాటిలో ఎనిమిదింటికి కారణం కూడా చెప్పాడు. "ఏం కొన్నానంది" తరహా ప్రశ్నలు పదికి పది. బిస్కెట్ ప్యాకెట్టులో అక్క సంగతి సరిగ్గా చెప్పాడు, తన పాత నమ్మకం దగ్గర మాత్రం ఇంకా తడబడతాడు. ఒడియాలో అడిగితే నేర్పకుండానే ఆరింటికి నాలుగు. బళ్ళో పక్కవాడి మాటని తన మాటలా చెప్పిన సంఘటన చివరి మూడు నెలల్లో ఒక్కటీ నమోదు కాలేదని టీచరు రాసిచ్చారు.

ఇదంతా వాక్యాల వల్లే జరిగిందా? వయసు పెరిగింది, ఇంట్లో తెలుగు తిరిగొచ్చింది, మామ్మ నోరు తెరిచింది. ఒక్క పిల్లాడి కేసుతో వీటిని విడదీయలేం. ఇంకోటి. 1995లో ఫ్రాన్సెస్కా హాపే చేసిన అధ్యయనంలో, ఈ పరీక్షల్లో సగం మంది నెగ్గే స్థాయికి మామూలు పిల్లలు నాలుగేళ్ళ మాటవయసులో (మాట ఏ వయసు పిల్లల స్థాయిలో ఉందో ఆ వయసు) చేరితే, ఆటిజం ఉన్న పిల్లలు తొమ్మిది దాటాక చేరారు. చంటి మాటవయసు అయిదు కూడా ఉండదని నా అంచనా. కాబట్టి వాడు నడిచింది మనం నడిచే దారి కాకపోవచ్చు. మనకి చప్పున తోచేదాన్ని వాడు వాక్యం కట్టుకుని లెక్క తేలుస్తున్నాడు. వేగంగా సాగే దొంగ-పోలీసు ఆటలో ఇప్పటికీ ఓడిపోతాడు, అక్కడ వాక్యం కట్టుకునే వ్యవధి లేదు. మాటలతో అడిగితే పరీక్ష నెగ్గే ఆటిజం ఉన్న పెద్దవాళ్ళ చూపు కూడా, ఏమీ అడగకుండా గమనిస్తే, ఎదుటివాడు వెతకబోయే చోటికి ముందుగా వెళ్ళదని 2009లో సెంజు బృందం చూపించింది.

ఇందాక మిగిల్చిన సగం ఇది. నాన్న కొట్టాడన్న ఆ మాట విన్న రోజు చంటి ఏమనుకుంటున్నాడో టీచరుకి తెలియలేదు, నాన్నకి తెలియలేదు, ముందు నాకూ తెలియలేదు. ముగ్గురం మాటలొచ్చిన పెద్దవాళ్ళమే. పరీక్ష మాత్రం వాడికి పెట్టాం. అర్థంకాకపోవడం రెండువైపులా ఉంటుందని, తానూ ఆటిజం ఉన్నవాడైన డేమియన్ మిల్టన్ 2012లో రాశారు. బడికి నేను ఇచ్చిన కాగితంలో అందుకే చంటి గురించి రెండే వాక్యాలు ఉన్నాయి, మిగతాదంతా టీచర్లకి: వాడేదైనా చెబితే తిట్టే ముందు "ఎవరన్నారు?" అని అడగండి.

స్టేషన్లో

మొన్న వేసవిలో వాళ్ళు విశాఖ వెళ్ళాలి. తల్లీ పిల్లలూ ముందే స్టేషన్‌కి వచ్చేశారు, తండ్రి కొట్టు కట్టేసి రావాలి. మైకులో రైలు అరగంట ఆలస్యమని చెప్పారు. అసలు టైము దాటాక తండ్రి సంచీ భుజాన వేసుకుని, చెప్పులు చప్పుడు చేసుకుంటూ, చెమటలు కక్కుతూ మెట్లెక్కి పరిగెత్తుకొస్తున్నాడు. చంటి అటు చూసి తల్లితో అన్నాడట:

"నాన్న రైలెల్లిపోనాదనుకుంతన్నాడు."

"మరి చెప్పరా, లేటని!" అంది తల్లి. చంటి చెప్పలేదు. నవ్వుతూ చూస్తూ నిలబడ్డాడు. తండ్రి రొప్పుతూ వచ్చి వాళ్ళని చూసి, ఖాళీ పట్టాలని చూసి, కూలబడిపోయాడు.

తిరిగొచ్చాక తల్లి నన్ను అడిగింది: "తెలిసీ ఎందుకు చెప్పలేదు మేడం గారూ?" తెలిసినదాన్ని తెలియనివాళ్ళకి అందించాలన్నది ఇంకా రాలేదేమో, అది వేరే మెట్టు. వచ్చే ఆర్నెల్ల లక్ష్యాల్లో మొదటిదిగా అదే రాయబోయి, ముందు వాణ్ణే అడుగుదామని ఆగాను.

"నాన్నకి రైలు లేటని ఎందుకు చెప్పలేదు, చంటీ?"

చాలాసేపు కిటికీ చువ్వలు లెక్కపెట్టాడు.

"నాన్న పరిగెడితే బాగుంటాది."

లక్ష్యం గడి ఇంకా ఖాళీగానే ఉంచాను.